అద్భుత వీర హాస్య చిత్రములు: ఒక సామాన్య ప్రేక్షకుని యభిప్రాయము



నేటి ప్రసంగమునకు విషయము చలనచిత్రములు. అందును పండితులు మెచ్చి వ్యాసములు వ్రాయు చిత్రములను గూర్చి గాక, జనసామాన్యము గుంపులు గట్టి చూచు మూడు విధములైన చిత్రములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. మంత్రతంత్రములతో గూడిన జానపదములు మొదటివి. కత్తియుద్ధములు, ముష్టియుద్ధములు గలవి రెండవవి. కేవలము నవ్వించునవి మూడవవి. నేను ఈ విద్య యందు నిపుణుడను గాను. ఏడాదికి మూడు నాలుగు పర్యాయములు, మనుమలు పిలిచినపుడో, పట్టణమున పని ముగిసి బస్సుకు వ్యవధి యున్నపుడో చూచువాడను. అయినను ముప్పదియైదేండ్లు బాలురకు కావ్యనాటకములు బోధించితిని గనుక, ఆ కొలతబద్దతోనే వీనిని గూడ కొలిచి చూచుచుందును.

రచ్చబండ కడ గూర్చున్న పెద్దలు ఈ చిత్రములను మూడు మాటలలో త్రోసివేయుట తరచుగ విందును: కట్టుకథలు, కొట్లాటలు, కోతిచేష్టలు. ఈ తీర్పు తొందరపాటని నా మనవి. మన తాతలు తెల్లవార్లు మేలుకొని చూచిన తోలుబొమ్మలాటలో నుండినదేమి? మాయలు గలవు, యుద్ధములు గలవు, నడుమ నడుమ కేతిగాడును బంగారక్కయు వచ్చి కడుపుబ్బ నవ్వించుటయు గలదు. 1932వ సంవత్సరమున హెచ్. ఎమ్. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కథయే కంబము నుండి నరసింహుడు వెడలు నద్భుతము. కావున రుచి క్రొత్తది గాదు. మారినది తెర మాత్రమే. ఈ జాతి చిత్రము మంచిదా, చెడ్డదా యని యడుగుట వ్యర్థము. రసము పండినదా, చెడినదా యని యడుగవలెను.

భరతముని ప్రతి రసమునకును ఒక స్థాయీభావమును జెప్పెను. అద్భుతమునకు విస్మయము, వీరమునకు ఉత్సాహము, హాస్యమునకు హాసము. ఈ మూడు మాటలు గుర్తుంచుకొన్నచో, ఏ చిత్రమునైనను మనమే పరీక్షింపవచ్చును.

మొదట అద్భుతము. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ని తీసికొందము. తోటరాముడు కోరినదెల్ల నిచ్చు ప్రతిమను సంపాదించును. మేడలు లేచును; సంపదలు వచ్చును. కాని ఆ ప్రతిమ శత్రువు చేత బడగానే సర్వము పోవును. పిమ్మట నతనిని గట్టెక్కించినది కేవలము మంత్రము గాదు, ధైర్యమును, యుక్తియును. మాయ ఎంత యున్నను మనుష్యుని పని మనుష్యునికి మిగిలియుండుటయే మంచి యద్భుత కథకు లక్షణము. ఏ యాపద వచ్చినను వెంటనే యొక మంత్రము వచ్చి తీర్చునెడల, చూచువానికి విస్మయము పుట్టదు, ఆవులింత వచ్చును.

అదే దర్శకుడు 1957లో తీసిన ‘మాయాబజార్’ ఇంతకంటె సూక్ష్మమైనది. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. జనులు కల్పించుకొన్న కథ. అందు ప్రియదర్శిని యను పేటిక గలదు. తెరచి చూచినవారికి తమకు ప్రియమైన వస్తువే యందు గానవచ్చును. శశిరేఖకు అభిమన్యుడు గానవచ్చెను. కృష్ణునకు శకుని గానవచ్చెను! ఈ చమత్కారము నా చిన్ననాడు నవ్వించినది, నేడు ఆలోచింపజేయుచున్నది. మన యిండ్లలో ప్రతివాని చేతను నేడొక ప్రియదర్శిని యున్నది. సెల్‌ఫోనును తెరచినచో ఎవనికి ప్రియమైనది వానికే చూపుచున్నది. డెబ్బది సంవత్సరముల నాటి కట్టుకథ నేటి సత్యమును జెప్పుచుండగా, కట్టుకథ యని త్రోసివేయుట యెట్లు?

ఈ మాయలు తెరపై నెట్లు కలుగునని కొందరు పెద్దలు నన్నడిగిరి. టాకీలో సెకనుకు 24 నిశ్చలమైన బొమ్మలు మన కన్నుల ముందు గడచును. కెమేరాను ఆపి, వస్తువును కొంచెము జరిపి, మరల నొక బొమ్మ తీసినచో, ఆ వస్తువు తనంతట తానే కదలినట్లు తోచును. ఒకే ఫిల్ముపై రెండు మారులు చిత్రించినచో ఒకడే యిద్దరుగా గనబడును. ‘మాయాబజార్’ నాటికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేగారికి ఇట్టి యుపాయములే ఆధారము. 2015, 2017 సంవత్సరములలో రెండు భాగములుగా వచ్చిన రాజమౌళిగారి ‘బాహుబలి’ నాటికి కంప్యూటరు జలపాతములను, నగరములను గూడ సృష్టింప నేర్చెను. సాధనము పెరిగినది, విస్మయమునకు మూలము మాత్రము కథయే.

ఇక వీరము. నేను ముఖ్యముగ మనవి చేయదలచినది ఇచ్చటనే. పోరాటము గల ప్రతి చిత్రమును వీరరస ప్రధానమని మనవారనుకొనుచున్నారు. అది పొరపాటు. వీరమునకు స్థాయి ఉత్సాహము. రౌద్రమునకు స్థాయి క్రోధము. వివేకము తప్పకుండుట, నిశ్చయము, నీతి, వినయము, బలము, పరాక్రమము ఇవి వీరమునకు కారణములుగా భరతుడు చెప్పెను. బలము కంటె ముందు నీతియు, వినయమును బేర్కొనుట గమనింపుడు. రౌద్రమునో, రాక్షసులకును ఉద్ధతులకును జెందినదిగా జెప్పెను.

‘బాహుబలి’ మొదటి భాగమున ఈ భేదము స్పష్టముగ గనబడును. కాలకేయులు మాహిష్మతీ ప్రజలనే బంధించి తమ సేనకు ముందు నిలుపుదురు. భల్లాలదేవుడు వారి మీదుగనే రథమును నడపును. బాహుబలి వారిని పడద్రోసి, ప్రాణములు గాచి, పిమ్మట శత్రువుపై బోవును. శత్రునాయకుని జంపినవాడు భల్లాలుడే యయినను, శివగామి రాజ్యమును బాహుబలికే నిర్ణయించును. చంపినవాడు గాక, కాచినవాడు వీరుడు. ఇంతకంటె నే నలంకారశాస్త్రమున విద్యార్థులకు బోధింపగలిగినది లేదు.

కాని యిటీవల కొన్ని చిత్రములలో నాయకుడే కత్తి చేతబట్టి పదుల మందిని నరకుచుండగా, తెరయంతయు రక్తమగుచుండగా, కుర్రవాండ్రు ఈలలు వేయుచున్నారు. అందు రక్షింపబడినవాడు ఒక్కడును గానరాడు. అది వీరము గాదు. రౌద్రమునకు బీభత్సము తోడయినది. నాయకుడు ప్రతినాయకుని గుణములను ధరించినపుడు, చూచు బాలుడు ఎవనిని జూచి నేర్చుకొనవలెను? ఇరువురు నటుల యభిమానులు గ్రామములలో గొట్లాడుకొనుట మీ రెరుగనిది గాదు. తెరపై రౌద్రమును వీరమని నమ్మినవాడే వీథిలోను నమ్మును.

ఈ సందర్భమున పెద్దలకు ఉపయోగపడు సంగతి యొకటి గలదు. చిత్రము మొదట చూపు ధ్రువపత్రమును చదువుడు. ‘ఎ’ యని యున్నచో 18 ఏండ్లు నిండనివారికి ప్రవేశము లేదు. 2023 నాటి చట్ట సవరణ వలన ‘యుఏ’ తరగతి 7, 13, 16 ఏండ్ల ననుసరించి మూడుగా విభజింపబడినది. ఆ వయస్సుకు లోపలి బాలురకు చూపవచ్చునా, కూడదా యని తలిదండ్రులే నిర్ణయింపవలెను. టిక్కెట్టు కొనుటకు ముందే చూచుకొనదగిన యక్షరములివి.

కడపట హాస్యము. భరతుడు నవ్వును ఆరు విధములుగా విభజించెను. స్మిత హసితములు ఉత్తములవి. విహసిత ఉపహసితములు మధ్యములవి. అపహసిత అతిహసితములు అధములవి. 1955 నాటి ‘మిస్సమ్మ’ చూచునపుడు పెదవిపై నిలుచునది స్మితము. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతమ్మగారి గడుసుదనమునకు బిగ్గరగానే నవ్వుదుము, అయినను గుండమ్మపై ద్వేషము కలుగదు. 1987లో జంధ్యాలగారు తీసిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావుగారి పిసినారి, కోడిని వ్రేలాడగట్టి దానిని జూచుచు అన్నము దినును. అచ్చట మనము నవ్వునది మనుష్యుని జూచి గాదు, లోభమును జూచి. చూచువాడు తనలోని లోభమును గూడ నించుక తడవికొనును.

కాని నత్తిని, మెల్లకంటిని, నల్లని మేనిని, స్థూలకాయమును జూపి నవ్వించు చిత్రములును బహుళముగ గలవు. వికృతమైన యంగమును జూచుటయు హాస్యమునకు కారణమని భరతుడే చెప్పెను గదా యని మీరడుగవచ్చును. నిజమే, జనులు దేనికి నవ్వుదురో ఆయన చెప్పెను. దేనికి నవ్వదగునో మనము తేల్చుకొనవలెను. నా తరగతిలో నత్తి గల బాలుడొకడుండెను. అట్టి చిత్రమొకటి పట్టణమునకు వచ్చిన వారము నుండి తోడిబాలురు వానిని అందలి హాస్యగాని పేరుతో పిలువసాగిరి. నాటి నుండి హాజరు పిలిచినపుడు వాడు నోరు విప్పక చేయి మాత్రమే యెత్తెడివాడు. సంవత్సరాంతము వరకు నే నా కంఠస్వరమును వినలేదు. రెండు గడియల నవ్వునకు ఒక పసివాని మాట మూల్యము గారాదు.

కావున పెద్దలారా, మీ యింటి పిల్లలు చిత్రము చూచి వచ్చినపుడు కోపగింపకుడు. ప్రక్కన గూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలడుగుడు: మాయ తీరిన తరువాత మనుష్యుడు చేసిన పని యేమి? నాయకుడు ఎవరిని రక్షించెను? మనము నవ్వినది ఎవనిని జూచి, వాడు మన ప్రక్కన నుండినచో నవ్వియుందుమా? ఈ మూటికి ఉత్తరము చెప్పగలిగిన బాలునకు ఏ చిత్రమును హాని చేయజాలదు. చెప్పలేనిచో, తరువాతి చిత్రమునకు మీరును వానితో వెళ్లుడు. టిక్కెట్టు వెల మీరే యిండు. మీకును వానికిని మాటలాడుకొనుట కొక విషయము దొరకును.

సెలవు.