వార్తల్లో పదం: అన్‌డిస్ప్యూటెడ్ ఛాంపియన్

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అనే నాలుగు ప్రధాన సంస్థలు విడివిడిగా టైటిళ్లు ఇస్తాయి. ఒక బరువు విభాగంలో ఆ నాలుగు బెల్టులూ ఒక్కరికే దక్కితే ఆ బాక్సర్‌ను అన్‌డిస్ప్యూటెడ్ ఛాంపియన్ అంటారు. నాలుగు బెల్టుల కాలంలో మూడు విభాగాల్లో ఈ ఘనత సాధించిన తొలి పురుష బాక్సర్ అమెరికాకు చెందిన టెరెన్స్ క్రాఫర్డ్. 2025 సెప్టెంబరులో కనెలో అల్వారెజ్‌ను ఓడించి, డిసెంబరులో 42 విజయాలతో, ఓటమన్నదే లేకుండా రిటైరయ్యాడు. సర్వకాల మేటి బాక్సర్లలో అతని స్థానం ఎక్కడన్న చర్చ దాంతో ఊపందుకుంది.

కనెలోకు అప్పటికే 35 ఏళ్లు, కాబట్టి ఆ గెలుపు విలువ తక్కువన్నది ఒక అభ్యంతరం. అయితే క్రాఫర్డ్‌కు 37. పైగా అంతకుముందు 154 పౌండ్ల విభాగంలో ఆడినవాడు నేరుగా 168కి ఎక్కి గెలిచాడు. 2023లో, అప్పటిదాకా ఓటమి ఎరుగని ఎరల్ స్పెన్స్‌ను రెండో రౌండులో ఒకసారి, ఏడో రౌండులో రెండుసార్లు పడగొట్టి, తొమ్మిదో రౌండులో పోరు ముగించాడు. గట్టి ప్రత్యర్థులతో తలపడిన సందర్భాలు తక్కువన్న విమర్శలో మాత్రం నిజముంది. పాతతరం దిగ్గజాలతో పోలిస్తే అది తెలుస్తుంది. షుగర్ రే రాబిన్సన్ ఒక్క జేక్ లమోటాతోనే ఆరుసార్లు తలపడి ఐదుసార్లు గెలిచాడు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో ఏకకాలంలో మూడు విభాగాల టైటిళ్లు పట్టుకున్నాడు. బెల్టుల లెక్కకన్నా ఎవరిని, ఎన్నిసార్లు, ఎలాంటి ఫామ్‌లో ఉండగా ఓడించారన్నదే అసలు కొలమానం. ఆ లెక్కన క్రాఫర్డ్ వాళ్లిద్దరి సరసన నిలవడు. కానీ ఈ శతాబ్దపు మేటి బాక్సర్ల తొలి వరుసలో అతని చోటు మాత్రం ఖాయం.