రాజధాని లేఖ: విభూతి పూసుకున్న మొక్క

పార్లమెంటు శీతకాల సమావేశాల ప్రస్తావన మొదలయ్యే రోజులలోనే ఢిల్లీ నర్సరీలకూ సందడి వస్తుంది. బంతి, పెట్యూనియా, పాన్సీ నారు చిన్న చిన్న సంచులలో రోడ్ల పక్కన బారులు తీరుతుంది. ఆ రంగుల గుంపులో, పువ్వన్నది లేకుండానే కంటిని నిలిపే మొక్క ఒకటి కనిపిస్తుంది. ఒళ్ళంతా విభూతి పూసుకున్న బైరాగి పెళ్ళిపందిట్లో వచ్చి కూర్చున్నట్టుంటుంది. డస్టీ మిల్లర్ అని దాని పేరు. పిండిమరలో పనిచేసి, ఒంటిమీది పిండి దులుపుకోకుండా బయటికి వచ్చిన మనిషి అని అర్థం. శాస్త్రజ్ఞులు ఇప్పుడు జాకోబియా మారిటిమా అంటున్నారు. పాత పుస్తకాలలో సినరేరియా అని ఉంటుంది. లాటిన్ భాషలో బూడిదకున్న మాట నుంచి వచ్చిన పేరది. నర్సరీలో ఆ పాత పేరు చెప్పి అడిగితే మాత్రం నీలం, ఊదా పూల కుండీ తెచ్చి చేతిలో పెడతారు. అది వేరే మొక్క. వెండి ఆకును చూపించి అడగడమే క్షేమం.

రాజకీయాలు వ్రాయవలసిన చోట ఈ మొక్కల గొడవ ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. కాని రాజధానిలో మొక్క కూడా ప్రభుత్వ వ్యవహారమే. 1931లో ప్రారంభమైన న్యూఢిల్లీ వీధులకు చెట్లను ఎంపిక చేసి, సుందర్ నర్సరీలో పెంచి తెచ్చి నాటారు. మొఘల్ గార్డెన్స్ పేరు 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్‌గా మారితే దానిమీద చర్చలు జరిగాయి. శాంతిపథ్ పక్కన వికసించే తులిప్‌ల దుంపలు నెదర్లాండ్స్ నుంచి దిగుమతి అవుతాయి. అదే సంవత్సరం జి-20 సమావేశాల కోసం గురుగ్రామ్‌లో రోడ్డు పక్కన అలంకరించిన పూలకుండీలను ఒక పెద్దమనిషి ఖరీదైన కారులో వచ్చి ఎత్తుకుపోయాడు. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది, పోలీసులు కేసు పెట్టారు. కుండీకి రాజధానిలో అంత గిరాకీ!

మన వెండి మొక్క స్వస్థలం మధ్యధరా సముద్ర తీరం. అక్కడి కొండ రాళ్ళ సందులలో, ఎండకూ ఉప్పుగాలికీ ఎదురొడ్డి బ్రతుకుతుంది. ఆకు నిజానికి పచ్చనిదే. దానిమీద దట్టంగా అల్లుకున్న తెల్లని నూగు వల్ల వెండిలా మెరుస్తుంది. ఎండలో కొంత భాగాన్ని తిప్పికొట్టడం, ఆకులోని తేమ గాలికి పోకుండా కాపాడడం ఆ నూగు పని. ఆకు మీద నీళ్ళు చిలకరించి చూడండి, వెండి మాయమై పచ్చదనం బయటపడుతుంది. నీటిని పొదుపుగా వాడుకోవడానికే పుట్టిన ప్రాణి అది.

అటువంటి మొక్కను మనం నీటితోనే చంపుతున్నాము. ఈ వ్యాసకర్త మొదటి సంవత్సరం తెచ్చుకున్న ఆరు మొక్కలలో నాలుగు నెల తిరక్కుండా మొదలు కుళ్ళి వాలిపోయాయి. రోజూ ఉదయం చెంబెడు నీళ్ళు పోయడమే చేసిన నేరం. తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి, మా వీధిలో ఇంటింటికీ తిరిగి తోటపని చేసే మాలీ చూసి నవ్వాడు. మట్టిలో వేలు పెట్టి, రెండు కణుపుల లోతు పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యమన్నాడు. అదీ మొదట్లోనే గాని ఆకుల మీద కాదన్నాడు. తోట మట్టిలో మూడోవంతు ముతక ఇసుక కలిపి, కుండీ అడుగు రంధ్రంపై పెంకుముక్క పెట్టి మళ్ళీ నాటాము. ఆ విడతలో ఒక్కటీ పోలేదు.

విత్తనాలు మరీ సన్నవి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చల్లి, పైన మట్టి కప్పకుండా వదిలేయాలి. మొలకెత్తడానికి వెలుతురు కావాలి. రెండు వారాలలో మొలకలు వస్తాయి. నవంబరులో జానెడు ఎడంగా నాటుకుంటే జనవరి నాటికి గుబురు కడుతుంది. సన్నగా చీలిన ఆకులతో అల్లికలా కనిపించేది సిల్వర్ డస్ట్ రకం, వెడల్పు ఆకులది సిర్రస్. కొసలు అప్పుడప్పుడు త్రుంచుతుండాలి. ఎరువు ఎక్కువైతే మొక్క పొడుగ్గా సాగి, మెరుపు తగ్గుతుంది.

ఇక ఢిల్లీ దుమ్ము సంగతి. 2024 నవంబరు 18న ఇక్కడి గాలి నాణ్యతా సూచి 490 దాటింది. 50 లోపు ఉంటే మంచిగాలి, కొలబద్ద చివరి అంకె 500. అటువంటి రోజులలో ప్రభుత్వ ట్యాంకర్లు వచ్చి రోడ్లమీద, చెట్లమీద నీళ్ళు చల్లిపోతాయి. వేపకూ నేరేడుకూ అది స్నానం. ఈ నూగు ఆకులకు మాత్రం శిక్ష. నీరు నూగులో చిక్కుకుని ఆరదు, పొగమంచులో ఆకులు మచ్చలు పడి కుళ్ళుతాయి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడమే దీనికి తగిన సేవ. అంత ఓపిక ఏ ట్యాంకరుకు ఉంటుంది?

గాలి చెడిన కొద్దీ కుండీలు ఇళ్ళలోకి, ఆఫీసు గదులలోకి చేరుతున్నాయి. ఈ మొక్కకు రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. దక్షిణపు కిటికీ దగ్గర కొన్నాళ్ళు నిలుస్తుంది. ట్యూబులైటు కింద పెడితే వెండి తగ్గి, కాడలు సాగి, చివరికి వాలిపోతుంది. వారంలో నాలుగు రోజులు బాల్కనీలో ఉంచి తెచ్చుకోవడం మేలు. గాలిని శుద్ధి చేస్తుందన్న నమ్మకంతో కొనేవారికి ఒక మాట చెప్పాలి. ఆ ప్రచారానికి మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, మూసిన చిన్న పెట్టెలలో కొన్ని మొక్కలతో చేసిన ప్రయోగం. అటువంటి ప్రయోగాలన్నింటినీ 2019లో పునఃపరిశీలించిన పరిశోధకులు, మామూలు గదిలో కిటికీ సందుల గుండా వచ్చిపోయే గాలితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలైనా ఉండాలని, లెక్క 1000 దాకా పోవచ్చని తేల్చారు. కూర్చోవడానికి చోటెక్కడ? పొలాలలో తగలబెట్టే వరికొయ్యలకు, వాహనాల పొగకు, నిర్మాణాల దుమ్ముకు బాధ్యులు ఎవరన్న వివాదాన్ని రాష్ట్రాలూ కేంద్రమూ ఏటా ఒకరిమీదికి ఒకరు నెట్టుకుంటుండగా, పౌరుడు తన వంతుగా ఒక కుండీ కొని ఊరట పొందుతున్నాడు. ఆ ఊరటను అమ్మేవారికే లాభం.

ఇంకొక భ్రమ కూడా ఉంది. దీని రసంతో తయారైన హోమియో చుక్కలు కంటి శుక్లాలకు మన దేశంలో విరివిగా అమ్ముడవుతాయి. శుక్లాలకు నిరూపితమైన చికిత్స శస్త్రచికిత్సే. ఇంట్లో మొక్క ఉన్నది కదా అని ఆకు పిండి కంట్లో వేసుకునే సాహసం ఎవరూ చేయరాదు. ఈ మొక్కలో కాలేయానికి హాని చేసే విషపదార్థాలున్నాయి. పశువులకూ, పెంపుడు కుక్కలకూ, పాకే పిల్లలకూ అందకుండా ఉంచాలి.

మన వైపు పెంచదలచుకున్నవారికి హైదరాబాదులోనూ, మదనపల్లె వంటి మెట్ట ప్రాంతాలలోనూ చలికాలం అనుకూలమే. కోస్తా ఉక్కపోత దీనికి సరిపడదు. అక్కడ పందెం కాయకపోవడం మంచిది.

ఢిల్లీలో ఏప్రిల్ వడగాలి తగలగానే మాలీలు మడులన్నీ పెరికి, వేసవి మొక్కలకు చోటు చేస్తారు. స్వస్థలంలో ఇది ఏళ్ళ తరబడి బ్రతికే పొద. రెండవ సంవత్సరం పచ్చని పసుపు పూలు పూస్తుంది. మా మాలీ ఇరవై ఏళ్ళుగా దీనిని నాటుతున్నాడు. ఆ పూవును మాత్రం తాను ఎన్నడూ చూడలేదట. మొన్న మార్చిలో ఒక కుండీని పెరకకుండా, వాన తగలని వరండా మూలకు జరిపి పెట్టాడు.