పండ్లను కడుగు యంత్రములు, తొక్క తీయు యంత్రములు



జ్యేష్ఠమాసము వచ్చినదనగా పూతలపట్టు బాటలు తోతాపురి కాయల బండ్లతో నిండిపోవుట మీరెల్లరు నెరిగినదే. చిత్తూరునుండి వచ్చు బాట పూతలపట్టు కడ చీలి, ఒకటి తిరుపతికిని, మరియొకటి కడప దిక్కునకును పోవుచున్నది. ఆ బాటలవెంట సాగు కాయలలో బేనిషా, ఖాదరు, మల్గోవా మొదలగునవి తినుటకై మండీలకు పోవును. తోతాపురిలో అధికభాగము మాత్రము గుజ్జు తీయు కర్మాగారములకు చేరును. భారతదేశమున మామిడిగుజ్జు పరిశ్రమ ముఖ్యముగా రెండు తావులయందు స్థిరపడియున్నది. ఒకటి మన చిత్తూరు సీమ. రెండవది పొరుగుననున్న తమిళదేశపు కృష్ణగిరి ప్రాంతము. ఇచ్చటి గుజ్జు సముద్రములు దాటి అరబ్బుదేశములకును, ఐరోపాకును పోవుచున్నది.

ఆ కర్మాగారములలో పండును కడుగునది యేది, తొక్క తీయునది యేది యను విషయమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. బండి గేటు దాటిన పిదప రైతునకు యంత్రముతో పనియేమి యని కొంద రడుగవచ్చును. యంత్రము ఏది చేయగలదో, ఏది చేయజాలదో తెలిసినవాడే తన తోటలో తాను చేయవలసిన దేదో తెలిసికొనగలడు. అందువలన ఈ విషయము కర్మాగారము వారికెంత ముఖ్యమో మనకును అంత ముఖ్యము.

ముందుగా తొక్క తీయుటను గూర్చి చెప్పెదను. మన యిండ్లలో అది కత్తిపీట పని. సొరకాయయైనను, పచ్చిమామిడియైనను, స్త్రీలు కత్తిపీట ముందు కూర్చుండి కాయను త్రిప్పుచు తొక్క తీయుదురు. ఇందలి సూక్ష్మమును గమనింపుడు: కత్తి నిలిచియుండును, కాయ తిరుగును. పాశ్చాత్యదేశములలో మొదట పుట్టిన తొక్క తీయు సాధనములును ఈ సూత్రము ననుసరించినవే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున మోజెస్ కోట్స్ అనునాతడు 1803 వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆపిలుపండు తొక్క తీయు సాధనమునకు పేటెంటు పొందెను. ఇట్టి సాధనములలో పండును ఇనుపముల్లునకు గ్రుచ్చి చేతిపిడిని త్రిప్పుదురు. పండు తిరుగుచుండగా కత్తి దాని నానుకొని తొక్కను చుట్టలు చుట్టలుగా తీయును.

హవాయి దీవులలో 1911 వ సంవత్సరమున హెన్రీ జినాకా అను ఇంజనీరు అనాసపండునకు తగిన యంత్రమును కల్పించెను. అది పండునుండి గుండ్రని దిమ్మెను కోసి, పైతొక్కను, నడిమి బెండును, రెండు కొనలను వేరుచేయును. అనాసపండ్లను డబ్బాలకెత్తు పరిశ్రమ ఆ దీవులలో పెంపొందుటకు ఈ యంత్రమెంతయో తోడ్పడినది.

కాయగూరలకు వేరు పద్ధతులున్నవి. ఉర్లగడ్డను, క్యారెట్టును గరుకురాతిపొడి పూసిన పీపాలో వేసి త్రిప్పినచో, అవి దొర్లి దొర్లి ఒరసికొని తొక్క రాలును; పైనుండి నీరు దానిని కడిగివేయును. ఇది చవుకయైన యంత్రము, భోజనశాలలలోను వాడదగినది. కాని ఎక్కువసేపు త్రిప్పినచో తొక్కతో గూడ కండయు అరిగిపోవును. పెద్ద కర్మాగారములలో ఆవిరిని ఉపయోగింతురు. కాయలను గట్టిపాత్రలో మూసి, ఒత్తిడిగల ఆవిరిని కొన్ని సెకండ్లు మాత్రము పంపి, తటాలున ఆ ఒత్తిడిని వదలుదురు. తొక్క క్రింద వేడెక్కిన తేమ ఒక్కసారిగా ఆవిరియై పొంగి తొక్కను ఊడదీయును. ఇందు నష్టము తక్కువ. యంత్రము వెల మాత్రమెక్కువ. టమోటావంటి పలుచని తొక్కగల వానిని వేడి కాస్టిక్ సోడా నీటిలో కొలదిసేపు ముంచి, తొక్క వదులుకాగానే తీసి కడుగు పద్ధతియు కలదు. ఆ సోడా చేతిపై బడినచో చర్మము కాలును, కంట బడినచో చూపునకే ముప్పు. దాని నీటిని చెరువులోనికి విడిచినచో చేపలు చచ్చును. శిక్షణ పొందినవారు లేనిచోట ఆ పద్ధతి కూడదు.

మామిడిపండు ఈ యంత్రములకు సులభముగా లొంగునది కాదు. ఆపిలు గుండ్రనిది; దాని నడుమ ముల్లు దిగును. అనాస స్తంభమువలె నిలువైనది. మామిడి యన్ననో ఒక కాయవలె మరియొక కాయ యుండదు. తోతాపురి కొన చిలుకముక్కువలె వంగియుండును. ఆ పేరు వచ్చినదే అందువలన. లోపల టెంక బల్లపరుపుగా నుండుటచే ముల్లు గ్రుచ్చుట కష్టము. మాగిన పండు కండ మెత్తన, తొక్క చివుకు. అందుచేత ముక్కలు కోసి డబ్బాలకెత్తుచోట్ల నేటికిని పెక్కింట చేతికత్తియే తొక్క తీయుచున్నది.

మరి బండ్లకొలది తోతాపురి కాయలు గుజ్జగుట యెట్లు? ఇచ్చట యంత్రము చేయు పని తలక్రిందులైనది. పండునుండి తొక్కను తీయుటకు బదులు, తొక్కనుండి పండును రాబట్టుదురు. ఉక్కురేకుతో చేసిన గుండ్రని జల్లెడపీపా యొకటి యుండును. దానిలోపల రెక్కలు వడిగా తిరుగుచుండును. మాగిన పండును కడిగి, తొడిమవైపు కొనను కోసివేసి, తొక్కతోను టెంకతోను కూడ లోపల వేయుదురు. రెక్కలు పండును జల్లెడకు అదుముటచే గుజ్జు రంధ్రములగుండ వెలికి వచ్చును. తొక్కయు టెంకయు పీపా చివరనుండి బయటపడును. ఆ గుజ్జును మరల సన్ననిజల్లెడల గుండ పంపుదురు. తుదిజల్లెడ రంధ్రము మిల్లీమీటరుకంటె చిన్నది. పిమ్మట గుజ్జును కాచి, చల్లార్చి, గాలి సోకకుండ డబ్బాలలోను పీపాలలోను నింపుదురు. నూరు కిలోల తోతాపురి పండ్లనుండి వచ్చు గుజ్జు సుమారు సగమునకు అటునిటుగా నుండును.

ఈ ప్రసంగమునకెల్ల సారమైన విషయమిది: పండు తొక్కతో సహా యంత్రములోనికి పోవుచున్నది. రెక్కల తాకిడికి తొక్కయు గుజ్జును కలసి నలుగును. తొక్కపైనున్న మట్టి, సొన, బూజు, పురుగుమందు, మాగబెట్టుటకు పెట్టిన రసాయనపు పొడి—ఇవన్నియు ఆ నలుగుడులో గుజ్జునంటును. ఇంట పండు తినువాడు తొక్కను పారవేయును గనుక తొక్కపైని దోషము చాలవరకు తొక్కతోనే పోవును. కర్మాగారమున అట్లు కాదు. కావున మామిడి విషయమున తొక్క తీయు యంత్రముకంటె కడుగు యంత్రమే ప్రధానము.

గుజ్జును కాచుదురు గదా, క్రిములు చచ్చును గదా యని మీరు ప్రశ్నింపవచ్చును. కాచినచో క్రిములు చచ్చుట నిజమే. కాని బూజుపట్టిన పండు చెడురుచి పోదు. పురుగుమందు శేషము సంపూర్ణముగా నశింపదు. కొనుగోలుదారు ఆ గుజ్జును పరీక్షించి, తన దేశపు నియమమునకు మించిన మందు కనబడినచో సరకును త్రిప్పిపంపును.

కడుగు యంత్రమున సామాన్యముగా మూడు అంచెలుండును. మొదటిది నానబెట్టు తొట్టి. అడుగునుండి గాలి బుడగలు లేచి పండ్లను కదల్చుటచే మట్టి వదలును. రెండవ అంచెలో క్లోరిన్ కలిపిన నీరుండును. లీటరు నీటికి క్లోరిన్ 50 మొదలు 200 మిల్లీగ్రాముల వరకు వాడుట వాడుక. మూడవ అంచెలో పండ్లు తిరుగుడు రోలర్లపై దొర్లుచుండగా పైనుండి త్రాగదగిన మంచినీరు చిమ్ముదురు. ఈ క్రమము తప్పరాదు. క్లోరిన్ ముందు మట్టితో కలసినచో దాని శక్తి మట్టికే ఖర్చగును. క్రిముల కేమియు మిగులదు. నీరు చాలని మన సీమకు అనువైన ఉపాయ మొకటి కలదు: తుదియంచె నీటిని పారబోయక మొదటి తొట్టికి మరల్చుట. పండు ముందునకు పోవుచుండగా నీరు వెనుకకు వచ్చును. కడపట పండును తాకునది ఎల్లప్పుడు శుభ్రమైన నీరే యగును.

మురికినీట కడుగుట కడుగకుండుటకంటె హానికరము. అమెరికాలో 1999 వ సంవత్సరమున 13 రాష్ట్రములలో 78 మందికి సాల్మొనెల్లా యను క్రిమివలన వ్యాధి కలిగెను, ఇద్దరు మరణించిరి. విచారింపగా, వారు తిన్నవి బ్రెజిల్ దేశపు ఒక తోటనుండి వచ్చిన మామిడిపండ్లని తేలినది. పండుఈగ పురుగును చంపుటకు ఆ పండ్లను వేడినీట ముంచి, పిమ్మట చల్లనినీట ముంచిరి. వేడిపండు చల్లనినీట మునిగినపుడు లోపలి గాలి కుంచించుకొని, తొడిమ గుంటగుండ నీటిని లోనికి పీల్చుకొనును. ఆ నీటిలో క్రిమియున్నచో అదియు లోనికి పోవును. ఆ పైని ఎంత కడిగినను రాదు. ఎండలో నిలిచిన బండినుండి దించిన కాయను వెంటనే చల్లని నిలువనీట ముంచరాదని దీనినుండి మనము నేర్చుకొనవలయును. ముందు నీడన ఆరబెట్టి, ఆ పైని కడుగుట మేలు.

యంత్రము కడుగజాలనివి మూడు కలవు. ఆ మూడును రైతు చేతిలోనివే.

మొదటిది సొన. కాయను తొడిమ విరిచి కోసినచో సొన చిమ్మి తొక్కను కాల్చును. ఆ మచ్చ నీటికి పోదు, అచ్చటనే కుళ్లు మొదలగును. తొడిమను నాలుగంగుళముల వరకు వదలి కోసి, నీడలో తుంచి, కాయను తలక్రిందుగా తడికపై నిలిపి సొన కారనీయవలయును. కాయలను నేలపై రాల్చక చిక్కముతో కోయుట మన పెద్దలు నేర్పినదే. సొన కూలివారి చేతులను కూడ పొక్కించును గనుక వారికి చేతితొడుగు లిచ్చుట ధర్మము.

రెండవది పురుగుమందు. కొన్ని మందులు తొక్కపై నిలుచును. అవి కడిగిన కొంతవరకు పోవును. కొన్ని కండలోనికి దిగును. వానిని ఏ నీరును తీయజాలదు. మందు కొట్టిన పిదప ఎన్ని దినములకు కోయవచ్చునో సీసాపై వ్రాసియుండును. ఆ గడువును పాటించుటకంటె వేరు మార్గము లేదు.

మూడవది కార్బైడు. దానియందు ఆర్సెనిక్, భాస్వరము లేశమాత్రముగా నుండును. పండ్లను మాగించుటకు దానిని వాడుటను చట్టము నిషేధించినది. మాగు పండునుండి సహజముగా వెలువడు ఇథిలీన్ వాయువును పదిలక్షల పాళ్లలో నూరు పాళ్లకు మించకుండ వాడుటకు 2016 లో దేశపు ఆహారభద్రతా సంస్థ అనుమతించెను. వరిగడ్డిలో మాగవేయుట మన యిండ్లలో ఎట్లును కలదు.

కాయ శుభ్రముగానున్నంత మాత్రమున ధర పెరుగునని నేను చెప్పజాలను. 2025 వ సంవత్సరమున తోతాపురి ధర పడిపోయి, కర్మాగారముల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలిచినవి. కిలోకు 12 రూపాయలు రైతునకు ముట్టవలెననియు, అందు 8 రూపాయలు కర్మాగారములును, 4 రూపాయలు ప్రభుత్వమును భరింపవలెననియు రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించెను. పంట విరివియైన యేట ధర పడుటకు కడుగుట మందు కాదు. కాని అట్టి యేట కొనువాడు ఏరుకొనును. మచ్చపడినది, నలిగినది, కుళ్లు సోకినది ముందుగా వెనుకకు వచ్చును. ఎండలో నిలిచిన బండిలో ఒక్క కుళ్లుకాయ చుట్టునున్న కాయల నన్నిటిని చెరచును.

కావున గ్రామమున పదిమంది రైతులు కూడి యంత్రము కొనదలచినచో, తొక్క తీయు యంత్రముతో మొదలు పెట్టవలదని నా మనవి. కాయలను ఏరుటకొక బల్ల, కడుగుటకు మూడు తొట్లు, ఆరబెట్టుటకు నీడగల పాక—వీనితో మొదలు పెట్టుడు. ఇవి మామిడికేగాక టమోటాకును పనికివచ్చును గనుక వేసవి దాటినను తొట్లు ఖాళీగా నుండవు. చిన్న ఆహార పరిశ్రమలకు సాయముగా కేంద్రప్రభుత్వము 2020 లో నెలకొల్పిన పథకమున, పెట్టుబడిలో నూటికి 35 వంతులు, ఒక్కొక్క పరిశ్రమకు 10 లక్షల రూపాయలకు మించకుండ, బ్యాంకు అప్పుతో ముడిపెట్టి సబ్సిడీ ఏర్పరచిరి. ఇట్టి సాయము ఇప్పుడేది లభించునో జిల్లా ఉద్యానశాఖవారిని విచారించి, పిమ్మట యంత్రమునకు బేరమాడుడు. కొనునపుడు మూడు సంగతులు చూడుడు: తుప్పుపట్టని ఉక్కు, తిరుగు పట్టీలకు మూత, మరమ్మతు చేయువాడు చిత్తూరులోగాని తిరుపతిలోగాని యుండుట.

మిగిలిన తొక్కయు టెంకయు వ్యర్థము కావు. తొక్క పశువుల మేతకును ఎరువునకును పనికివచ్చును. టెంకలోని జీడినుండి తీసిన కొవ్వు మిఠాయి పరిశ్రమలలో వాడబడుచున్నది. కడిగిన మురికినీరును, తొక్కలును చెరువులో గలసినచో నీరు పులిసి దుర్గంధమగును. ఆ చెరువు మన పశువులు త్రాగునది. దానిని కాపాడు భారము గ్రామపెద్దలదే.

ఈ వేసవిలో మొదటి కాయ కోయక ముందే మీ రచ్చబండ కడ ఈ మాటలను నలుగురికి వినిపింపుడు. చిక్కములు బాగుచేయించుడు, తడికలు అల్లించుడు, మందు కొట్టిన తేదీని గోడపై వ్రాసియుంచుడు. ఈ మూడింటికిని యంత్రమక్కరలేదు.

సెలవు.