నీళ్ళకు బడ్జెట్ వేసే ఊరు

మాది షోలాపూర్. చుట్టుపక్కల కరువు ఎరగని పల్లె లేదు. బ్యాంకులో చేరిన కొత్తలో నేను మంజూరు చేసిన అప్పుల్లో బోర్లకిచ్చినవే ఎక్కువ. ఒక రైతుకు మొదటి బోరులో నీళ్ళు పడలేదు. రెండోది వేసుకున్నాడు, అది రెండు వేసవులు పోసింది. మూడోదానికి కాగితాల మీద సంతకం చేసిందీ నేనే. చివరికి బాకీ కింద ఎద్దుల్ని అమ్ముకున్నాడు. రూల్స్ ప్రకారం నా తప్పేమీ లేదు.

అందుకే కిందటేడు హివరే బాజార్‌కు వెళ్ళినప్పుడు, సాగుకు బోరు వేయరాదన్న అక్కడి కట్టుబాటు దగ్గరే నా మనసు ఆగిపోయింది. 2024లో అహిల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్ జిల్లాలో కొండల నడుమ ఉన్న ఊరది. ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఒకప్పుడు కొండలు బోడివై, పడిన వాన మట్టిని ఊడ్చుకుపోయేది. బావులెండి, జనం కూలికి వలసపోయేవారు.

1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యారు. ఆయన చదివింది ఎం.కాం. (కామర్స్ వాణ్ణి గనుక ఈ మాట కాస్త గొప్పగానే చెబుతున్నాను!) సర్కారు పథకాలకు ఊరి శ్రమదానం తోడై కొండవాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు, వాగులకు కట్టలు వేశారు, మొక్కలు నాటారు. పరుగెత్తే నీరు కందకంలో నిలిచి నేలలోకి ఇంకుతుంది. కొండ మీద పశువుల్ని వదలరాదు. గడ్డి కోసి తెచ్చుకోవచ్చు.

ఇంతవరకు చాలా ఊళ్ళు చేశాయి. ఇంకిన నీటిని కాపాడుకోవడమే కష్టం. ఇక్కడి నల్లరాతి నేలలో నీరుండేది పై పొరల్లో, పగుళ్ళలో. ఒకడు లోతుగా బోరు వేస్తే పక్కవాడి బావి ఎండుతుంది. అందుకే ఆ నిషేధం. చెరకు, అరటి కూడా వేయరాదు. వానలయ్యాక పడిన వాన, బావుల్లో మట్టం లెక్కగట్టి, మనుషులకూ పశువులకూ తాగడానికి తీసిపెట్టి, మిగిలినదాన్నిబట్టి ఏ పంటలు వేయాలో గ్రామసభ తేలుస్తుంది. నిల్వ చూసుకుని చెక్కు రాయడమన్నమాట. 2020లో పవార్‌కు పద్మశ్రీ ప్రకటించారు. వలసపోయిన కుటుంబాలు ఎన్నో తిరిగొచ్చాయి.

మొన్న నా టేబుల్ మీదికి మళ్ళీ ఒక బోరు అప్పు దరఖాస్తు వచ్చింది. పక్క బావుల్లో నీళ్ళెంత లోతున ఉన్నాయని ఆ రైతునడిగాను. "ఇన్నేళ్ళలో ఏ బ్యాంకు వాళ్ళూ అడగలేదు సార్" అన్నాడు. ఫారంలో ఆ గడి లేదు మరి.