తెరమీదికి రాని తండ్రి

అపరాధ పరిశోధక కథలు చదువువారికి ఒక విచిత్రమైన అలవాటు పట్టుకొనును. పరిశోధకుడు హంతకుని వెదకుచుండగా, పాఠకుడు ఆ పరిశోధకునే వెదకనారంభించును. ఈతడెవరి బిడ్డ? ఎట్టి యింట పెరిగెను? షెర్లాక్ హోమ్స్ విషయమున ఈ వెదకులాట నూరేండ్లు దాటినది.

దీనికి మూలము రచయిత కానన్ డాయిల్ మౌనమే. 1893లో వెలువడిన ఒక కథలో హోమ్స్ తన పూర్వులు పల్లెటూరి భూస్వాములనియు, తన తల్లికో తండ్రికో తల్లియైన యామె వెర్నే అను ఫ్రెంచి చిత్రకారుని సోదరి యనియు చెప్పును. అమ్మమ్మయో నాయనమ్మయో ఆంగ్లపదము తేల్చదు! కన్నవారి ఊసు మాత్రము లేదు. 1962లో బేరింగ్-గూల్డ్ అను అమెరికను రచయిత హోమ్స్ జీవితచరిత్ర కల్పించి, తండ్రికి సిగర్ అని పేరు పెట్టెను. హోమ్స్ ఒకప్పుడు సిగర్సన్ అను మారుపేరు ధరించెను గదా, ఆంగ్లమున 'సన్' అనగా కొడుకు గదా! తర్కము ముచ్చటైనదే గాని, గాలిమేడ.

2012లో అమెరికాలో ప్రారంభమైన 'ఎలిమెంటరీ' అను టెలివిజన్ ధారావాహిక ఈ మౌనమునే పెట్టుబడిగా చేసికొనెను. అందలి హోమ్స్ మత్తుమందుల వ్యసనము నుండి అప్పుడే బయటపడినవాడు. అతనికి తోడుగా జోన్ వాట్సన్ అను నామెను కుదిర్చినది తండ్రి. న్యూయార్కులో అతడుండు ఇల్లు తండ్రిది. మనిషి మాత్రము కానరాడు. ఒకమారు తండ్రి వచ్చుచున్నాడని వాట్సన్ భోజనశాలలో కాచుకొనియుండగా ఒక పెద్దమనిషి వచ్చును. తీరా చూడగా హోమ్స్ పంపిన నటుడు!

చూపరుల ఊహలకు కొదువయేమి? కఠినుడేమో, లోలోపల బిడ్డకై బెంగపడువాడేమో, దుష్టచక్రవర్తి మోరియార్టీ ఆయనయేనేమో. మోరియార్టీ ఒక స్త్రీ యని 2013లో తేలుటతో ఆ మూడవ ఊహ కూలినది. నాకు తోచినంతలో ఊహించువారు ఒక సంగతి మరచిరి. ఆ తండ్రిని గూర్చి మనము వినినదానిలో చాలభాగము అలిగిన కొడుకు నోటి మాటయే. పొగాకు బూడిదను చూచి చుట్ట జాతి చెప్పగల హోమ్స్, కన్నతండ్రిపై తీర్పునకు ఏ సాక్ష్యము చూపెను? మనమైనను అడిగితిమా?

2015 చివర తండ్రి తెరమీదికి వచ్చెను. పేరు మోర్లాండ్, నటుడు జాన్ నోబుల్. 2016లో ఆయన మోరియార్టీ ముఠాకే నాయకుడగుటతో, కూలిన ఊహ సగము లేచి నిలిచినది.

బ్రిటిషు ధారావాహిక 'షెర్లాక్'లో 2014లో కనిపించిన తల్లిదండ్రుల కథ వేరు. ఆ పాత్రలను ధరించినవారు కథానాయకుడు కంబర్‌బ్యాచ్ స్వంత తల్లిదండ్రులే. అంతటి మేధావిని కన్నవారు సోఫాలో కూర్చుండి, పోయిన లాటరీ టిక్కెట్టు దొరికిన వైనము చెప్పుచుండిరి.