పడకగదికి ఇంకో ఫోన్ జాక్

ల్యాండ్‌లైన్ పనైపోయిందని అందరూ అంటున్నా, పెద్దవాళ్లున్న ఇళ్లలో దాని అవసరం తీరలేదు. చెవి సరిగా వినపడని వాళ్లకూ, టచ్ స్క్రీన్ అలవాటు కాని వాళ్లకూ ఆ బరువైన రిసీవరే సుఖం. చిక్కల్లా ఒక్కటే: ఫోను ముందుగదిలో, మనిషి పడకగదిలో. రింగు ఆగిపోతుందేమోనని మోకాళ్ల నొప్పులతో హడావుడిగా లేచి రావడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మంచం పక్కన ఇంకో జాక్ పెట్టిస్తే ఆ పరుగు తప్పుతుంది.

ఎన్ని ఫోన్లున్నా, ఎక్స్ఛేంజ్ నుంచి ఇంటికి వచ్చేది రెండే రాగి తీగలు. గోడకున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, అంటే లైన్‌మన్లు రోజెట్ అని పిలిచే దాంట్లో, ఆ రెండూ రెండు స్క్రూల కింద బిగించి ఉంటాయి. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు వాటి మధ్య దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే సర్క్యూట్ కలిసి కరెంటు పారుతుంది. అది గుర్తించే ఎక్స్ఛేంజ్ డయల్ టోన్ ఇస్తుంది. కొత్త జాక్‌ను దీనికి ప్యారలల్‌గానే కలపాలి. అంటే అవే రెండు స్క్రూల నుంచి మరో జత తీగలు పడకగదికి వెళ్లాలి. ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలిపితే, పెట్టేసి ఉన్న ఫోను దారి మూసేస్తుంది కాబట్టి రెండోది పలకదు.

పని మొదలుపెట్టే ముందు, ఉన్న ఫోను రిసీవర్ ఎత్తి పక్కన పెట్టండి. లైను మీద వోల్టేజీ బాగా పడిపోతుంది, రింగూ రాదు. ఇది ముఖ్యం. రింగు వచ్చేటప్పుడు తీగల మీద 75 వోల్టులకు అటూఇటూగా ఏసీ ఉంటుంది, చేత్తో పట్టుకుంటే జిల్లుమంటుంది. ఉరుములు, మెరుపుల వేళ ఈ పని అసలు పెట్టుకోవద్దు.

తీగ కొనేటప్పుడు పిసినారితనం పనికిరాదు. ఒకదాన్నొకటి మెలిపెట్టుకున్న జత తీగలున్న టెలిఫోన్ కేబులే కొనండి. బయటి విద్యుత్ తీగల ప్రభావం ఆ మెలికల్లో చాలావరకు కొట్టుకుపోతుంది. మామూలు లైటు తీగ వేస్తే మాటల వెనక గుయ్యిమనే మోత వినిపించవచ్చు. గోడలో ఖాళీ ఉంది కదా అని కరెంటు పైపులోంచి దీన్ని లాగనివ్వకండి. ఇన్సులేషన్ ఎక్కడ దెబ్బతిన్నా 230 వోల్టులు ఫోనులోకి వస్తాయి. ఎలక్ట్రీషియన్ ఏం ఫర్వాలేదన్నా ఒప్పుకోవద్దు.

జాక్ లోపల నాలుగు పిన్నులు కనిపించినా, లైనుకు కావలసినవి మధ్యలోని రెండే. ఈ కాలపు ఫోన్లకు ఏ తీగ ఎటు బిగించినా ఒకటే. తీగ చివర అర అంగుళం మేర తొడుగు తీసి, స్క్రూ తిరిగే దిశలోనే చుట్టి బిగిస్తే సరి. గరగర శబ్దాలకు వదులు స్క్రూ చాలాసార్లు కారణమవుతుంది.

అదే రాగి లైను మీద బ్రాడ్‌బ్యాండ్ ఉంటే, కొత్త ఫోనుకూ ఫిల్టర్ కావాలి. లేదా స్ప్లిటర్‌లో ఫోను వైపు నుంచే తీగ తీసుకోవాలి.

ఫైబర్‌కు మారిన ఇళ్ల సంగతి వేరు. అక్కడ డయల్ టోన్ ఇచ్చేది ఇంట్లోని మోడెం పెట్టె. దాని ఫోన్ పోర్టును ఇంటి పాత వైరింగ్‌కు కలిపితే అన్ని జాక్‌లూ పనిచేస్తాయి. కానీ వీధి నుంచి వచ్చే పాత రాగి జతను ముందుగా పూర్తిగా విడదీయాలి. లేకపోతే బయటి వోల్టేజీకి ఆ పెట్టె పాడైపోవచ్చు. ఇంకో తేడా ఉంది. రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచే వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ పెట్టెకు ఆ సదుపాయం లేదు. పెద్దవాళ్లు ఆ ఫోను మీదే ఆధారపడి ఉంటే, దాని అడాప్టర్‌ను ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి.