అమ్మానాన్నలతో క్రీట్ ద్వీపానికి

ఇండియా నుంచి పెద్దవాళ్ళు ఇంగ్లండు వచ్చి మన దగ్గర ఆరు నెలలుంటారు. మనం ఆఫీసులకీ, పిల్లలు స్కూళ్ళకీ వెళ్ళిపోతే వాళ్ళకి మిగిలేవి కిటికీ, టీవీ. సెలవులకి ఎటైనా వెళ్దామంటే, "మాకు అక్కడి తిండి కుదరదులే, మీరెళ్ళి రండి" అంటారు. ఆ మాట విని ఊరుకోవద్దని చెప్పడానికే ఇవాళ గ్రీసు దేశంలోని క్రీట్ ద్వీపం గురించి మాట్లాడుతున్నాను. మా అత్తయ్యగారిని, మావయ్యగారిని వెంటబెట్టుకుని మే నెలాఖరు హాఫ్ టర్మ్‌లో మేము అక్కడ వారం రోజులున్నాం. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు.

గ్రీకు ద్వీపం అనగానే అందరూ శాంటొరీని పేరు చెప్తారు. ఫొటోలకి బ్రహ్మాండమే. కానీ కొండ అంచున కట్టిన ఊళ్ళు, ఎటు కదిలినా మెట్లే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళడం నాకు నచ్చలేదు. క్రీట్ గ్రీకు ద్వీపాలన్నిటిలోకీ పెద్దది, తూర్పు నుంచి పడమరకి సుమారు 260 కిలోమీటర్లు. లండన్ నుంచి విమానంలో నాలుగు గంటలు. మేము రెతిమ్నోలో బస చేశాం. పాత ఊరు, ఇసుక బీచి పక్కపక్కనే ఉంటాయి. అక్కడి నుంచి ఇటు ఇరాక్లియోకీ, అటు హన్యాకీ బస్సులున్నాయి.

ఇక తిండి. అక్కడ వేసవి ఆకుకూర ఒకటుంది, పేరు వ్లీటా. అది అచ్చంగా మన తోటకూర జాతే! ఉడకబెట్టి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఇస్తారు. "పోపు ఒక్కటే తక్కువ" అన్నారు అత్తయ్యగారు. ఫావా అంటే పసుపుపచ్చని బఠాణీ పప్పు, మన ముద్దపప్పుకి దగ్గరి చుట్టం. టమాటాల్లో, మిరపకాయల్లో అన్నం కూరి వండేది యెమిస్టా. కొందరు అందులో ఖీమా కలుపుతారు కాబట్టి అడిగి తీసుకోండి.

ఒక గ్రీకు మాట గుర్తుపెట్టుకోండి: నిస్తీసిమో. అంటే ఉపవాసపు వంట. వాళ్ళ చర్చి నియమం ప్రకారం ఈస్టర్ ముందూ, ఆగస్టు మొదటి రెండు వారాలూ మాంసం, పాలు, గుడ్డు మానేస్తారు. అందుకని ఇలాంటి వంటలు వాళ్ళకి బాగా అలవాటు. అయితే ఒక మెలిక ఉంది. రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి ఉపవాసంలో తినొచ్చు! కాబట్టి ఆ మాట ఒక్కటీ చెప్పి ఊరుకోకండి, అవీ వద్దని చెప్పండి. భోజనం అయ్యాక పండ్లతో పాటు చిన్న సీసాలో రాకీ ఉచితంగా తెచ్చిపెడతారు. అది ద్రాక్షపిప్పితో కాచిన సారా. మావయ్యగారు మంచినీళ్ళనుకుని గ్లాసులో వంచబోయారు!

ఇరాక్లియో పక్కనే క్నోసోస్ ఉంది. 1900లో ఆర్థర్ ఎవాన్స్ అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టి, మినోవన్ల రాజప్రాసాదాన్ని బయటపెట్టాడు. పడిపోయిన భాగాలని కాంక్రీటుతో తిరిగి కట్టి రంగులేయించాడని పండితులు ఇప్పటికీ విసుక్కుంటారు. నాకైతే పిల్లలకి అలా ఉంటేనే అర్థమవుతుందనిపించింది. నూనె, ధాన్యం దాచిన మట్టి జాడీలు మనిషెత్తున్నాయి. "ఎన్ని వేల కాయల ఆవకాయ పడుతుందో" అని అత్తయ్యగారు లెక్కలు మొదలుపెట్టారు. మినోవన్లు రాసుకున్న లీనియర్ ఏ లిపిని, మన సింధులోయ లిపిలాగే, ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు. 2025లో క్నోసోస్‌తో కలిపి ఆరు మినోవన్ ప్రాసాదాలకి యునెస్కో గుర్తింపు వచ్చింది.

జూలై, ఆగస్టుల్లో మాత్రం పెద్దవాళ్ళతో వెళ్ళకండి. రోహిణీ కార్తె చూసినవాళ్ళం, మాకీ ఎండ ఒక లెక్కా అనుకోవద్దు. 2023 జూలైలో ఏథెన్స్‌లోని అక్రోపొలిస్‌నే మధ్యాహ్నాలు మూసేశారు. 2024 జూన్‌లో గ్రీసులో ఎండవేళ నడకకి వెళ్ళిన పర్యాటకులు కొందరు చనిపోయారు. మే, అక్టోబరు హాఫ్ టర్మ్‌లు మేలు. అప్పుడు కూడా క్నోసోస్‌కి పొద్దున్నే వెళ్ళండి.

చివరగా వీసా సంగతి. ఇండియన్ పాస్‌పోర్టుకి ఇంగ్లండు వీసా ఉన్నా గ్రీసుకి షెంగెన్ వీసా వేరే కావాలి. అది మామూలుగా ఎవరు ఏ దేశంలో నివాసముంటే అక్కడే అప్లై చేయాలి. పెద్దవాళ్ళు విజిటర్ వీసా మీద ఇక్కడికి వచ్చాక ఇక్కడ అప్లై చేయడం కష్టం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లికేషన్లు తీసుకుంటారు కాబట్టి, వాళ్ళు ఇండియాలో బయలుదేరకముందే ఆ పని పూర్తిచేయించండి. వైద్యానికి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు చూపించాలి. పాత జబ్బులున్నవాళ్ళయితే అవి ఆ పాలసీలోకి వస్తాయో లేదో ముందే కనుక్కోండి.